గ్యాస్ గోలీకీ ఆపరేషన్‌కీ మధ్య పోయే నెలలు

జీర్ణాశయ కేన్సర్‌ను లోపలి పొరల్లో ఉండగానే పట్టుకుంటే, అయిదేళ్ల తరువాత కూడా నూటికి 90 మందికి పైగా బతికే ఉంటారని జపాన్ ఆస్పత్రుల లెక్కలు చెబుతున్నాయి. అదే కేన్సర్ కాలేయానికో, పేగులను కప్పి ఉండే ఉదరపొరకో పాకాక బయటపడితే అయిదేళ్లు గడిపేవారు నూటికి పదిమంది కూడా ఉండరు. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడు సుమారు 9 లక్షల 68 వేల మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది, 6 లక్షల 60 వేల మంది పోయారు. మన దేశంలో కొత్త రోగులు ఏటా 60 వేలు దాటుతున్నారు. వాళ్లలో అత్యధికులు ఆస్పత్రికి చేరేది ఆలస్యంగానే. ఆపరేషన్ చేసే చేతులు లేక కాదు. ఆ చేతుల దగ్గరకు వెళ్లేలోపు నెలలు గడిచిపోతున్నాయి కనుక.

ఈ మాట ముంబై ఫాక్‌లాండ్ రోడ్ దగ్గర నిలబడి చూస్తే బాగా అర్థమవుతుంది. కాగితాల్లో దాని పేరు పఠ్ఠే బాపూరావ్ మార్గ్. దాన్ని ఆనుకుని కామాటిపురా పద్నాలుగు గల్లీలు. నిజాం రాజ్యం నుంచి రాయి మోయడానికి, గోడ కట్టడానికి వచ్చిన కామాటీల పేరే ఆ పేటకు స్థిరపడింది. వాళ్ల వెనుక కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపు నుంచి తరాల తరబడి జనం వచ్చారు. కొందరు వర్లీ, లోయర్ పరేల్ మిల్లుల్లో మగ్గాలు నడిపి, 1982 సమ్మె తరువాత భీవండీ పవర్‌లూములకు పోయారు. మరికొందరు ఇక్కడి ఖోలీల్లోనే ఉండి బీడీలు చుట్టారు, మేస్త్రీలయ్యారు, రైల్వేలోనూ కార్పొరేషన్‌లోనూ కొలువులు చేశారు. ఈ పేట నుంచి జేజే ఆస్పత్రికీ నాయర్ ఆస్పత్రికీ నడిచి వెళ్లవచ్చు. 1941లో తెరిచిన టాటా మెమోరియల్ ఆస్పత్రి పరేల్‌లో ఉంది, నాలుగైదు కిలోమీటర్ల దూరం. దేశంలో ఇంతకంటే ఎక్కువ వైద్యం ఇంత దగ్గరగా ఉన్న పేదల పేటలు ఎన్నో లేవు. అయినా ఇక్కడి రోగి కూడా ఆలస్యంగానే చేరతాడు. కనుక దూరం ఒక్కదాన్నే నిందించి ఊరుకోలేం.

జబ్బు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు వైద్యులు కడుపులోని ఆమ్లంలో కూడా బతికే ఒక బాక్టీరియాను పెంచి చూపించారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో పుండ్లకు అదే ముఖ్య కారణమని తేల్చినందుకు 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ముందే, 1994లో, అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించేదిగా ప్రకటించింది. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే ఇళ్లు, అంతస్తుకొకటి ఉమ్మడి నల్లా, అందరికీ ఒకే వరుస మరుగుదొడ్లు ఇలాంటి క్రిమికి అనువైన తావులు. ఒకసారి చేరితే మందు వేసి తీసేదాకా దశాబ్దాలు ఉండిపోతుంది. కడుపు లోపలి పొర మొదట వాస్తుంది, తరువాత పలచబడుతుంది, ఆ తరువాత అక్కడ పేగు కణాలను పోలిన కణాలు మొలుస్తాయి, వాటిలో కొన్ని చెడి చివరికి కేన్సర్ అవుతుంది. ఈ మెట్లన్నీ దిగడానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టవచ్చు. ఈ క్రమాన్ని విడమరచి చెప్పిన శాస్త్రవేత్త పెలాయో కొరేయా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ క్రిమిని మోస్తున్నారు. అయినా జీర్ణాశయ కేన్సర్ జపాన్, కొరియాలతో పోలిస్తే చాలా తక్కువ. దేశం లోపల కూడా తేడాలున్నాయి. మిజోరంలోని ఐజ్వాల్ కేన్సర్ రిజిస్ట్రీలో రేటు అన్నిటికంటే ఎక్కువ, చెన్నై, బెంగళూరుల్లో కొంత ఎక్కువ, ముంబైలో తక్కువ. ముంబై సంగతి తెలియడానికి కారణం 1963లో ఇండియన్ కేన్సర్ సొసైటీ ఇక్కడ మొదలుపెట్టిన రిజిస్ట్రీ. జనాభా లెక్కన కేన్సర్‌ను నమోదు చేయడంలో దేశంలో అదే మొదటిది. ఊరికీ ఊరికీ ఉన్న ఈ తేడాలను బట్టి చూస్తే క్రిమి ఒక్కటే చాలదు. దానికి పొగాకు, ఉప్పు పట్టించి నిలవ చేసిన ఆహారం, పొగబెట్టిన మాంసం, తాజా పళ్లూ కూరలూ తక్కువగా తినడం, వంశం కలవాలి. మిజోరంలో జరిగిన పరిశోధనలు పొగబెట్టిన మాంసాన్నీ, పొగాకు పొగ పట్టించిన తుయిబుర్ అనే నీటినీ వేలెత్తి చూపాయి. మన పేటకు వస్తే బీడీ ఉంది, పళ్లకు రుద్దుకునే మిశ్రీ ఉంది, 2012లో మహారాష్ట్ర నిషేధించినా దొరుకుతూనే ఉన్న గుట్కా ఉంది. పొగతాగడం వల్ల జీర్ణాశయ కేన్సర్ వస్తుందన్నది రుజువైన విషయం. వేళకు తినకపోవడం వల్ల, కారం తినడం వల్ల వచ్చిందని ఇళ్లలో అనుకుంటారు. ఆ మాటకు బలమైన ఆధారం లేదు. అది వంట చేసిన ఆడమనిషి మీద నేరం మోపే మాట కూడా కనుక దాన్ని వదిలేయడం మంచిది.

ఇక ఆలస్యం సంగతి. ఈ కేన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. కొంచెం తింటేనే కడుపు నిండినట్టుండటం, పుల్లటి తేపులు, మంట, అప్పుడప్పుడు వాంతి వచ్చినట్టుండటం, అంతే. వీటికి ఇక్కడ పేరు సిద్ధంగా ఉంటుంది. తెలుగులో "గ్యాస్ అయింది", మరాఠీలో "పిత్తం". గల్లీ చివరి మెడికల్‌లో ఒక గోలీ అడిగితే ఇస్తారు. ఆమ్లాన్ని బాగా అణిచే మందులు 1980ల చివరి నుంచి మార్కెట్లో ఉన్నాయి, ఇప్పుడు చీటీ లేకుండానే చేతికొస్తున్నాయి. అవి మంచి మందులే, మామూలు మంటకు తగిన మందులే. ప్రమాదమంతా అవి కేన్సర్ పుండును కూడా కొన్నాళ్లు సర్దుబాటు చేయడంలో ఉంది. ఆమ్లం తగ్గితే కేన్సర్ పుండు పైపైన మానినట్టు కనబడుతుంది, మళ్లీ తిరగబెడుతుంది, మళ్లీ మానుతుంది. ఈ చక్రాన్ని జపాన్ వైద్యులు చాలాకాలం క్రితమే గమనించారు. గోలీ పనిచేసిందనుకున్న నెలలు అన్నీ కణితి లోతుకు దిగిన నెలలే.

నా దృష్టిలో ఈ మొత్తం సమస్యకు ఇరుసు ఇదే. కీమో మందులు కొత్తవి వచ్చాయా, రోబోతో ఆపరేషన్ చేస్తున్నారా అన్న చర్చలకంటే, "ఈ గోలీ ఎన్నాళ్ల నుంచి మింగుతున్నావు" అన్న ఒక ప్రశ్నను మెడికల్‌లోనూ, మూల మీది డాక్టర్ దగ్గరా అడిగేవాళ్లు ఉంటే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి.

ఏ లక్షణం కనబడితే ఎండోస్కోపీకి పోవాలి? బరువు తగ్గడం, మింగేటప్పుడు అడ్డం పడటం, మళ్లీ మళ్లీ వాంతులు, మలం తారులా నల్లగా రావడం, రక్తహీనత, కడుపులో చేతికి గడ్డ తగలడం: వీటిలో ఒక్కటున్నా గోలీతో ఒక్కరోజు కూడా గడపకూడదు. ఇవేవీ లేకపోయినా, నలభై అయిదేళ్లు దాటినవారికి కొత్తగా మొదలైన గ్యాస్ రెండు మూడు వారాల మందుతో పోకపోతే చూపించుకోవాలి. అయితే ప్రమాద లక్షణాల కోసమే ఎదురుచూడటం కూడా తప్పు. అవి వచ్చేసరికి చాలామందిలో జబ్బు ముదిరే ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో మరొక తడబాటు జరుగుతుంది. రక్తం తక్కువగా ఉందంటే నెలసరి వల్ల అని ఇనుము బిళ్లలు ఇచ్చి పంపేస్తారు. నెలసరి ఆగిన స్త్రీకి ఇనుము తగ్గిందంటే రక్తం పోయే చోటు పేగులోనో కడుపులోనో వెతకాల్సిందే. అండాశయంలో గడ్డ అని ఆపరేషన్ చేశాక, అది కడుపు నుంచి పాకిన కేన్సర్ అని తేలిన సందర్భాలు వైద్యశాస్త్రానికి కొత్త కాదు. చెల్లాచెదురుగా కణాలు వ్యాపించే రకం చిన్న వయసు ఆడవాళ్లలోనూ వస్తుంది. ముప్పై అయిదేళ్లకు కేన్సర్ ఎందుకొస్తుందిలే అని పంపేయడానికి వీల్లేదు. ఫాక్‌లాండ్ రోడ్‌లో బతికే సెక్స్ వర్కర్ల దగ్గరకు హెచ్‌ఐవీ పరీక్షల కోసం 1990ల నుంచి ఎన్నో సంస్థలు వచ్చాయి. వాళ్ల కడుపునొప్పినీ అంతే గౌరవంగా అడగాలి.

ఎండోస్కోపీ అంటే భయం ఎక్కువ. ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, గొంతులో మొద్దుబార్చే మందు కొడతారు, సన్నని గొట్టం దింపుతారు, పది నిమిషాల్లో ముగుస్తుంది. ప్రభుత్వ, మునిసిపల్ ఆస్పత్రుల్లో ఖర్చు తక్కువ, వరుస పొడుగు. కానీ గొట్టం దిగడమే పరీక్ష కాదు. నురుగు, జిగురు కడిగి, గాలితో మడతలు విప్పి, ప్రతి మూలా చూడటానికి కనీసం ఏడు నిమిషాలు కావాలని యూరప్ నిపుణుల సూచన. అనుమానం ఉన్న పుండు అంచుల నుంచి ఆరు ఎనిమిది ముక్కలు తీయాలి. ఒకటి రెండు ముక్కలతో "కేన్సర్ లేదు" అని రిపోర్టు వచ్చినా పుండు మానకపోతే మళ్లీ తీయాలి. గోడలోపలే పాకి కడుపును తోలుసంచిలా గట్టిపరిచే రకం పై పొరలో కనబడక తప్పించుకుంటుంది.

జపాన్ ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది. 1950లో అక్కడ కడుపులోపల ఫొటో తీసే కెమెరా తయారైంది. శ్లేష్మపొరకూ దాని కింది పొరకూ పరిమితమైనదే తొలిదశ కేన్సర్ అనే నిర్వచనం 1962లో వాళ్లే ఇచ్చారు. బేరియం ఎక్స్‌రేతో ఊరూరా పరీక్షించారు. 2016 నుంచి యాభై దాటినవారికి రెండేళ్లకోసారి ఎండోస్కోపీని కూడా జాతీయ కార్యక్రమంలో చేర్చారు. కొరియా నలభై నుంచే చేస్తోంది. ఫలితంగా అక్కడ సగానికి పైగా కేన్సర్లు తొలిదశలోనే దొరుకుతున్నాయి. రెండు సెంటీమీటర్లలోపు ఉండి, పుండు పడకుండా, శ్లేష్మపొర దాటని కణితిని ఎండోస్కోపీ గొట్టం ద్వారానే చెక్కి తీసేస్తున్నారు. కడుపు కోయనక్కర్లేదు. హైదరాబాద్‌లో డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏఐజీ వంటి చోట్ల ఈ నైపుణ్యం మన దగ్గరా ఉంది. లేనిది దానికి తగిన దశలో వచ్చే రోగి.

అలాగని జపాన్ పద్ధతిని మనం మొత్తంగా ఎత్తుకురావాలా? వద్దనే నా అభిప్రాయం. రేటు తక్కువున్న జనంలో అందరికీ గొట్టం దింపితే, వేలమందిని ఇబ్బంది పెట్టి ఒకరిని కనుక్కుంటాం, నిజంగా అవసరమైనవారి వరుస ఇంకా పెరుగుతుంది. మనకు కావలసింది ఎంచి చేసే పరీక్ష. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినవారు, లోపలి పొర పలచబడిందని ఇంతకుముందే రిపోర్టు ఉన్నవారు, నలభై అయిదు దాటి కొత్తగా అజీర్ణం మొదలైనవారు. మిజోరంలో మాత్రం అందరినీ పరీక్షించాలన్న వాదనకు బలం ఉంది.

కేన్సర్ అని తేలాక వెంటనే కోసేయమని ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేస్తారు. ఆగాల్సింది అక్కడే. మొదట సీటీ స్కాన్. ముదిరిన కణితి అయితే, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి కెమెరాతో ఉదరపొరను చూడాలి. స్కాన్‌లో కనబడని గింజలంత మచ్చలు అయిదుగురిలో ఒకరికైనా అలా బయటపడతాయి. అవి ఉంటే పెద్ద ఆపరేషన్ రోగికి మేలు చేయదు, మిగిలిన నెలలను ఆస్పత్రి మంచం మీద గడిపిస్తుంది.

శస్త్రచికిత్స చరిత్ర 1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ చేతుల్లో మలుపు తిరిగింది. కడుపు కింది భాగాన్ని కణితితో సహా తీసి, మిగిలినదాన్ని పేగుకు కుట్టాడు. అంతకుముందు పారిస్‌లో పేయాన్, పోలండ్ వైద్యుడు రిడిగియర్ ప్రయత్నించారు గానీ రోగులు దక్కలేదు. బిల్‌రోత్ రోగి ఆపరేషన్ నుంచి కోలుకుంది, నాలుగు నెలలకు జబ్బు తిరగబెట్టి పోయింది. కోయడం సాధ్యమేనని తేలింది. ఎంత కోయాలన్న ప్రశ్న మరో వందేళ్లు నలిగింది.

ఆ వాదన అంతా లింఫు గ్రంథుల చుట్టూ. కడుపును అంటిపెట్టుకున్న గ్రంథులు మాత్రమే తీస్తే డీ1, కడుపుకు రక్తం తెచ్చే ధమనుల వెంట ఉన్నవి కూడా తీస్తే డీ2. జపాన్ వైద్యులు డీ2 తప్పదన్నారు. 1999లో వచ్చిన డచ్ ప్రయోగ ఫలితాల్లో డీ2 చేయించుకున్నవారిలో నూటికి పదిమంది, డీ1లో నలుగురు ఆపరేషన్ తరువాత చనిపోయారు. బ్రిటన్ ప్రయోగంలోనూ అదే తీరు. యూరప్ డీ2ను పక్కన పెట్టింది. అయితే డచ్ వైద్యులు ఓపిగ్గా అవే 711 మందిని పదిహేనేళ్లు గమనించి 2010లో తిరిగి లెక్క చెప్పారు. కేన్సర్‌తో పోయినవారు డీ1లో 48 శాతం, డీ2లో 37 శాతం. తొలినాటి మరణాలకు పెద్ద కారణం గ్రంథులతో పాటు ప్లీహాన్నీ, క్లోమం తోకనూ తీసేయడం, చేసేవారికి అలవాటు లేకపోవడం. ప్లీహాన్ని ఉంచి, అలవాటైన చేతులు చేస్తే డీ2 సురక్షితమే. అంతకు మించి మహాధమని పక్క గ్రంథులు కూడా తీసి చూసిన జపాన్ ప్రయోగం 2008లో వెలువడింది. ఆ అదనపు కోతకు లాభం లేదని తేలింది. గీత డీ2 దగ్గర ఆగింది.

ముంబై పేరు ఈ కథలో గర్వంగా చెప్పుకోదగ్గది. టాటా మెమోరియల్‌లో శైలేశ్ శ్రీఖండే బృందం డీ2 ఆపరేషన్లు చేసి ప్రచురించిన ఫలితాల్లో మరణాలు యూరప్ పాత లెక్కల కంటే ఎంతో తక్కువ, జపాన్ ప్రమాణాలకు దగ్గర. మన రోగులు బలహీనంగా, రక్తం లేక, బరువు తగ్గి వస్తారని తెలిసిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది. కనుక రోగి బంధువులు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇక్కడ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు" అన్నదే. రెండోది, ఆపరేషన్ తరువాత పాథాలజీ రిపోర్టులో ఎన్ని గ్రంథులు లెక్కపెట్టారో చూసుకోవడం. పదహారుకు తక్కువైతే దశను సరిగా తేల్చలేరు. కణితి కింది భాగంలో ఉంటే మొత్తం కడుపు తీయమని అడగాల్సిన పని లేదు. పై అంచు శుభ్రంగా దొరికితే కొంత కడుపు మిగల్చడం వల్ల ఆయుష్షు తగ్గదని 1999లోనే ఇటలీ ప్రయోగం చూపింది: అయిదేళ్లు బతికినవారు కొంత కడుపు మిగిల్చినవారిలో 65 శాతం, మొత్తం తీసినవారిలో 62 శాతం. మిగిలిన ఆ కాస్త కడుపు తిండి దగ్గర చాలా పనికొస్తుంది.

కోత ఒక్కటే సరిపోని దశల్లో కీమో ముందూ తరువాతా ఇవ్వాలి. 2006లో బ్రిటన్ నుంచి వచ్చిన మ్యాజిక్ ప్రయోగంలో అయిదేళ్లు బతికినవారు 23 నుంచి 36 శాతానికి పెరిగారు. 2019లో జర్మనీ వైద్యుల ఫ్లాట్ మందుల కలయిక మధ్యస్థ ఆయుష్షును 35 నెలల నుంచి 50 నెలలకు చేర్చింది. ముందు కీమో అంటే "ఆపరేషన్ చెయ్యనీకి చేతగాక తిప్పుతున్నరు" అని మనవాళ్లు అనుకుంటారు. ఈ అంకెలు వాళ్లకు వాళ్ల భాషలో చెప్పేవాళ్లు కావాలి. టాటా వరండాలో మరాఠీ, హిందీ రాని అవ్వకు, ఊరి నుంచి తెచ్చిన తండ్రికి ఆ మాట అర్థమయ్యేలా చెప్పే తెలుగు మనిషి చేసే మేలు చిన్నది కాదు.

ఆపరేషన్ తరువాతి బతుకు గురించి మన ఆస్పత్రులు తక్కువ చెబుతాయి. కడుపు తీసేసినవారు రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెం తినాలి. తీపి ఒక్కసారిగా తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరుగుతాయి. భోజనంతో పాటు నీళ్లు ఎక్కువ తాగకూడదు. మొత్తం కడుపు పోయినవారికి బీ12 సూది జీవితాంతం కావాలి. వేయించుకోకపోతే రెండు మూడేళ్లకు అరికాళ్లు మొద్దుబారి, రక్తం పడిపోతుంది. నాకా మీద కూలికి నిలబడేవాడికి రెండు మూడు గంటలకోసారి తిండి అంటే పని పోవడమే. డిశ్చార్జి కాగితంలో ఇది కూడా రాయాలి, కొలువు ఇచ్చేవాళ్లకు చూపించేలా.

డబ్బు విషయంలో రెండు రాష్ట్రాల మధ్య నలిగేది వలస కుటుంబమే. తెలంగాణ ఆరోగ్యశ్రీ ఊరి కార్డుకు, మహారాష్ట్ర పథకం ఇక్కడి రేషన్ కార్డుకు. ఇక్కడి పథకం పేరు మహాత్మా జోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజన. 1873లో ఫూలే సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయన వెంట నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి కామాటిపురా తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. వాళ్ల మనవలు ఆ పథకంలో చోటు కోసం కార్డు పట్టుకుని కిటికీ కిటికీ తిరగకూడదు. ఏ రాష్ట్రపు కార్డు ఉంటే ఆ రాష్ట్రంలో అనుభవమున్న ఆస్పత్రిని మొదటి వారంలోనే ఎంచుకోవాలి. సగం కీమో ఇక్కడ, ఆపరేషన్ అక్కడ అని మధ్యలో మార్చుకుంటే నష్టపోయేది రోగి.

ఒకరికి జబ్బు వచ్చిన ఇంట్లో మిగిలినవారి సంగతి తరచూ మరుగున పడిపోతుంది. కొరియాలో రోగుల రక్తసంబంధీకులకు పైలోరీ మందు ఇచ్చి తొమ్మిదేళ్లకు పైగా చూస్తే, మందు వేసుకున్నవారిలో 1.2 శాతానికి, వేసుకోనివారిలో 2.7 శాతానికి ఈ కేన్సర్ వచ్చిందని 2020లో వెల్లడైంది. మందుతో క్రిమి నిజంగా పోయినవారిలో ముప్పు ఇంకా తక్కువ. కనుక రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ముంబైలో ఉన్నా, భీవండీలో ఉన్నా, ఊళ్లో ఉన్నా, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకోవాలి. క్రిమి ఉంటే పద్నాలుగు రోజుల మందు, మధ్యలో ఆపకుండా. మన దేశంలో కొన్ని యాంటీబయాటిక్‌లకు ఈ క్రిమి మొండికేసింది కనుక ఏ కలయిక ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్ల చీటీ పనికిరాదు. మందు ముగిసిన నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్షించి, పోలేదంటే వేరే మందులతో ఇంకోసారి మొదలుపెట్టాలి.